నాలుగు నిమిషాల నేరం

మా ఆఫీసులో పని జరగదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆఫీసులో పని ఆదివారాలు, పండుగలు, బందులు కూడా చూడకుండా జరుగుతుంది. అవదు, అంతే. జరగడానికీ అవడానికీ తేడా తెలియనివాళ్ళు ప్రభుత్వ కార్యాలయాల గురించి నోరెత్తకుండా ఉంటే మంచిది.

ఆఫీసు పూర్తి పేరు ‘పెద్దగుట్ట మండల రికార్డుల నామ సవరణ ప్రత్యేక కార్యాలయం’. పద్నాలుగు నెలల కిందట, పెద్దగుట్ట అనే పేరులో ఎదుగుదల లేదని పైవాళ్ళకు ఎవరో చెప్పారు. నిజమే, గుట్ట ఎదగదు. కాబట్టి మండలానికి స్వర్ణగిరి అని పేరు పెట్టారు. గిరి అన్నా గుట్టే, కాకపోతే ఇది బంగారు గుట్ట. పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలింది. కానీ కంప్యూటర్‌లో ఉన్న రెండు లక్షల పద్నాలుగు వేల రికార్డుల్లో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టాలి కదా. అందుకోసం ఒక డిప్యూటీ డైరెక్టర్, ఒక సూపరింటెండెంట్, ఇరవై మంది సిబ్బందితో ఈ ఆఫీసు పుట్టింది. పేరు మారేదాకా ఏ రికార్డు నుంచీ ధ్రువపత్రం ఇవ్వకూడదని నిబంధన కూడా దానితోపాటే పుట్టింది. పాత పేరుతో ఇస్తే చెల్లదు, కొత్త పేరు ఇంకా ఎక్కలేదు. ఈ మధ్యలో మండలంలో పుట్టినవాళ్ళు, చచ్చినవాళ్ళు, అడ్మిషన్లు కావలసినవాళ్ళు కిటికీ ముందు నిలబడేవారు.

నేను అక్కడ ప్రోగ్రామర్‌గా చేరి మూడు వారాలైంది. అంతకుముందున్న కిరీటి అనే అబ్బాయి అటవీశాఖలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. అతను రాసిన ప్రోగ్రాం మాత్రం ఏసీ గదిలో తిరుగుతూనే ఉంది. దానికి ప్రతి శుక్రవారం కొబ్బరికాయ కొడతారు. దాన్ని ముట్టుకోవద్దని చేరిన రోజే సూపరింటెండెంట్ చక్రపాణి గారు చెప్పారు.

“ఫణీంద్రా, నీ విధి యంత్రమును పర్యవేక్షించుట. అనగా చూచుట మాత్రమే,” అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా నోట్ ఫైళ్ళు రాసీ రాసీ ఆయన మాట కూడా నోట్ ఫైలులాగే వచ్చేది.

మూడు వారాలు చూశాను. యంత్రం మనుషుల పేర్ల అక్షర క్రమంలో ‘మొ’ దగ్గరికి వచ్చింది.

సోమవారం సునంద వచ్చింది. మా గోడ పక్కనే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్. మా ఆఫీసులో షుగరున్న వాళ్ళందరి వేలికీ సూది గుచ్చింది ఆవిడే. ఆ రోజు చక్రపాణి గారి వేలు పట్టుకుని రక్తం తీస్తూ, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజంతో తుడుచుకుంది.

“పర్మనెంట్ పోస్టొచ్చింది సార్. శుక్రవారం అయిదు గంటల్లోపల నివాస పత్రం ఇయ్యాలంట. నా వయసుకు ఇదే ఆఖరు. ఇయ్యాల్రేపు చెయ్యకుంటే మల్ల నాకు ఈ జన్మల రాదు,” అంది.

చక్రపాణి గారు నా వైపు చూశారు. నేను యంత్రంలో చూశాను. ఆవిడ రికార్డు ‘సు’ దగ్గర ఉంది. పదకొండేళ్ళ కాంట్రాక్టు పొడిగింపుల పుణ్యమా అని అందులో పెద్దగుట్ట ముప్ఫై ఎనిమిది చోట్ల ఉంది. యంత్రం ఇప్పుడున్న నడకతో అక్కడికి చేరడానికి ఏడు నెలలు పడుతుంది.

“ఏడు నెలలే కదా,” అన్నారు చక్రపాణి గారు వేలికి దూది నొక్కుకుంటూ. “తమరి అభ్యర్థన సానుభూతితో పరిశీలించబడుతున్నది.”

“శుక్రవారం సార్,” అంది సునంద.

“సానుభూతికి శుక్రవారం, శనివారం ఉండవమ్మా.”

ఆవిడ సూదులు సర్దుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. చూచుట మాత్రమే నా విధి కాబట్టి, తలుపు వేసుకుని కిరీటి రాసిన ప్రోగ్రాంను చూచితిని.

అది చదువుతుంటే కిరీటి మీద మొదట కోపం వచ్చింది, తర్వాత జాలి వేసింది. పాపం, అతను సొంతంగా ఏమీ రాయలేదు. కాగితాల మీద అయితే పేరు ఎలా మారుస్తారని చక్రపాణి గారిని అడిగి, ఆయన చెప్పినది చెప్పినట్టు రాశాడు. ఆ పద్ధతి ఇది: ఫైలు మొదటి నుంచి చదవాలి. తప్పు పేరు ఎక్కడ కనబడితే అక్కడ ఆగి, దాన్ని మార్చాలి. కొట్టివేత ఉన్న కాగితం చెల్లదు కాబట్టి ఫైలు మొత్తానికి శుద్ధ ప్రతి రాయాలి. పాత ప్రతిని రికార్డు రూములో పెట్టాలి. శుద్ధ ప్రతి రాసినవాడు ఏమి రాశాడో ఎవరికి తెలుసు? కాబట్టి దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవాలి. రెండో తప్పు కనబడితే, మళ్ళీ ఇంకో శుద్ధ ప్రతి.

కనబడినవన్నీ ఒకేసారి మార్చవచ్చు కదా అని కిరీటి కూడా అడిగాడట. ఒక నోటుకు ఒకే సవరణ అన్నది నియమం. వెనకటికి ఎవరో గుమాస్తా ఒకే నోటులో రెండు సవరణలు చేసి సస్పెండయ్యాడట. రెండూ సరైన సవరణలే.

కాబట్టి మా యంత్రం సునంద రికార్డు మొత్తాన్ని ముప్ఫై ఎనిమిది సార్లు రాసి, ముప్ఫై ఎనిమిది సార్లు మొదటి నుంచి చదువుతుంది. మూర పూలు కట్టడానికి, పువ్వు పువ్వుకీ దండంతా విప్పి మళ్ళీ మొదటి నుంచి కట్టినట్టు. మా చదువులో మొదటి సంవత్సరం పిల్లలకే చెప్తారు, పదే పదే తిరిగే లూప్‌లో ఇలా చెయ్యొద్దని. ఒక్కసారి చదువుకుంటూ పోవాలి. పాత పేరు వచ్చిన చోట కొత్త పేరు పెట్టి ముక్కల్ని వరుసగా పక్కన పెట్టుకోవాలి. చివర అన్నిటినీ కలిపి ఒక్కసారి రాయాలి. అంతే, ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు.

పదహారు లైన్లు తీసేసి ఆరు లైన్లు రాశాను. మంగళవారం పదకొండూ పదికి నడిపించాను. పదకొండూ పద్నాలుగుకి ‘మొ’ నుంచి ‘హ’ దాకా మిగిలినవన్నీ అయిపోయాయి. నమ్మకం కుదరక వంద రికార్డులు తీసి చూశాను. అన్నిటిలోనూ స్వర్ణగిరి మెరుస్తోంది.

సంతోషం పట్టలేక కిటికీ దగ్గరికి పోయి అరిచాను, “అందరివీ అయిపోయాయి! డిప్యూటీ డైరెక్టర్ గారు క్యాంపు నుంచి రాగానే సంతకాలే! శుక్రవారం వచ్చి తీసుకోండి!”

క్యూలో వాళ్ళు ఎవరూ సంతోషించలేదు. వాళ్ళు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. మా సిబ్బంది మాత్రం నన్ను చావు కబురు తెచ్చినవాడిని చూసినట్టు చూశారు.

చక్రపాణి గారు నన్ను లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టారు. ఆయన నోటి నుంచి మొదటిసారి మామూలు తెలుగు వచ్చింది.

“ఎవడు పూర్తి చెయ్యమన్నడయ్యా నిన్ను?”

“పని అదే కదా సార్.”

“పని నడపమన్నరు. అయిపోతే? ఇది ప్రత్యేక కార్యాలయం. పనయిన తెల్లారి తాళమేస్తరు. ఇరవై రెండు మందిమి ఎక్కడికి పోవాలె? నన్ను ఆ కొండల్ల అవతలికి ట్రాన్స్‌ఫర్ చేస్తే నా షుగర్ ఎవరు చూడాలె?” అని కాసేపు ఆయాసపడి, నీళ్ళు తాగి, మళ్ళీ పాత భాషలోకి వెళ్ళారు. “తమరికి మెమో జారీ చేయబడును.”

సాయంత్రానికి మెమో వచ్చింది. ‘పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, తమరు ఎనిమిది మాసములలో జరుగవలసిన కార్యమును, ఎట్టి పూర్వానుమతియు లేక, నాలుగు నిమిషములలో జరిపి కార్యాలయ సమయ పాలనకు భంగము కలిగించియున్నారు. రికార్డు రూమునకు చేరవలసిన ఇరువది లక్షల మధ్య ప్రతులు తమ చర్య వలన పుట్టనే లేదు. పుట్టని ప్రతులను తమరు ఎచ్చట దాచినదీ మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’

బుధవారం విచారణ కమిటీ కూర్చుంది. నిబంధన ప్రకారం ముగ్గురు ఉండాలి. అధ్యక్షుడు చక్రపాణి గారితో కలిపి ఇద్దరే దొరికారు కాబట్టి నన్ను మూడో సభ్యుడిగా వేసుకున్నారు. నా మీద విచారణకు నేను ఆలస్యంగా వచ్చానని చక్రపాణి గారు విసుక్కున్నారు.

రెండో ఆయన రాజధాని నుంచి వచ్చిన ‘సత్వర సేవల మిషన్’ నిపుణుడు. ఆయన చొక్కాకు గుండ్రటి బిళ్ళ ఉంది. దాని మీద ‘వేగమే మా వేదం’ అని రాసి ఉంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఈయనైనా నా పక్షాన ఉంటాడనుకున్నాను.

“నాలుగు నిమిషాలా!” అన్నాడు ఆయన. “ఇది చాలా బాధాకరం.”

“వేగమే కదండీ మీ వేదం?”

“వేగం వేరు, పూర్తి కావడం వేరు. వేగాన్ని మేము నెలనెలా కొలుస్తాం. పోయిన నెల అయిదు శాతం, ఈ నెల ఏడు శాతం, పటంలో గీత ఇలా పైకి పోతుంది. దాన్నే ప్రగతి అంటారు. నాలుగు నిమిషాల్లో ప్రగతి ఎక్కడ కనబడుతుంది? ఫలితం ఒక్కటే కనబడుతుంది.” ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. “మీ యువకులు ప్రగతికి అవకాశం ఇవ్వడం లేదండీ.”

ప్రోగ్రాంలో కావాలని కాస్త ఆలస్యం పెడితే ఎలా ఉంటుందని చర్చ వచ్చింది. దానికి ‘సముచిత జాప్యం’ అని పేరు కూడా పెట్టారు. ప్రతి మార్పు దగ్గరా యంత్రం ఆగి ‘మార్చవచ్చునా?’ అని అడగాలి. దానికి ‘మార్చవచ్చును’ అని నొక్కే మనిషి ఉండాలి. ఆ మనిషి సరిగా నొక్కుతున్నాడో లేదో చూసే మనిషి ఉండాలి. ఆ ఇద్దరూ టీకి వెళ్ళినప్పుడు యంత్రం కూడా టీకి ఆగాలి. కానీ అయిన పని అయిపోయింది కదా, ఏం చేయాలి? చివరకు చక్రపాణి గారే తేల్చారు: మంగళవారం జరిగినదంతా రద్దు చేసి, రికార్డులన్నిటినీ మళ్ళీ పెద్దగుట్టలోకి తేవాలి. అటుపిమ్మట పద్ధతి ప్రకారం మళ్ళీ స్వర్ణగిరిలోకి తేవాలి.

నిపుణుడు ఉత్సాహంగా లేచాడు. “రద్దుకైతే ఇతని కొత్త ప్రోగ్రామే వాడదాం. నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది.”

 సునంద రికార్డు ఇప్పుడు సరిగ్గా ఉంది. శుక్రవారం దాకా అలా ఉంటే చాలు. ఈ పెద్దమనిషి జీవితంలో మొదటిసారి వేగంగా ఒక పని చేద్దామనుకున్నది ఇవాళేనా?

గొంతు సవరించుకున్నాను. మూడు వారాల్లో నేర్చుకున్నదంతా గుర్తు చేసుకున్నాను.

“అధ్యక్షా, అక్రమ పద్ధతిలో జరిగిన దానిని అక్రమ పద్ధతిలోనే రద్దుపరచినచో, ఆ రద్దు సైతము అక్రమము కాగలదు. అట్టి రద్దును తిరిగి రద్దుపరచుటకు మరియొక కమిటీ అవసరము కాగలదు. కావున, ఈ రద్దు ప్రక్రియ ‘మొ’ అక్షరము మొదలుకొని, ఒక నోటుకు ఒకే సవరణ చొప్పున, శుద్ధ ప్రతి సహితముగా, పాత ప్రోగ్రాం ద్వారానే జరుగుట శ్రేయస్కరమని నా వినయపూర్వక అభిప్రాయము.”

 చక్రపాణి గారు కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఫణీంద్రా, నీలో ఇంత కార్యాలయం ఉందని నాకు తెలియలేదు,” అన్నారు.

గురువారం పొద్దున కిరీటి ప్రోగ్రాంను బయటికి తీసి, పేర్లు తారుమారు చేసి, తిరిగి తిప్పాను. నా చేత్తోనే. అది ‘మొ’ దగ్గర మొదలుపెట్టి, దండ విప్పుతూ కడుతూ బయలుదేరింది. ‘సు’ చేరడానికి ఏడు నెలలు పడుతుంది. నాకు ఆ ఆలస్యం మీద అంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు.

శుక్రవారం నాలుగున్నరకు డిప్యూటీ డైరెక్టర్ నరహరిరావు గారు క్యాంపు నుంచి దిగారు. డిజిటల్ సంతకం పెట్టే కీ ఆయన జేబులోనే ఉంటుంది. స్నానానికి పోయినా తీయరని చెప్పుకుంటారు. సునంద ఆసుపత్రి కోటుతోనే పరుగెత్తుకొచ్చింది. నేను రికార్డు తెరిచి ఆయన ముందు పెట్టాను.

“ఇది రద్దు జాబితాలోనిది కదా?” అన్నారాయన.

“జాబితాలో ఉంది సార్. వరుస ఇంకా రాలేదు.”

“వరుస రాకముందే రద్దు అయినట్టు భావించవచ్చునా?”

“భావిస్తే వరుస తప్పుతుంది సార్,” అన్నారు చక్రపాణి గారు. ఆయన మంచితనంతో అనలేదు. నియమం అడిగారు కాబట్టి చెప్పారు.

నరహరిరావు గారు కళ్ళజోడు పైకి జరుపుకున్నారు. “అనగా ఈ రికార్డు రేపు తప్పు కాబోతున్నది కానీ నేడు ఒప్పే.”

“నేటికి సక్రమమే సార్.”

ఆయన కీ తీసి కంప్యూటర్‌కు గుచ్చారు. నాలుగూ యాభైకి కాగితం ప్రింటరులోంచి వచ్చింది. సునంద దాన్ని చదవను కూడా చదవలేదు, గుండెకు ఆనించుకుని గోడ పక్క సందులోంచి పరుగు తీసింది. “మీ వేలికి ఇంక సన్నసూదే సార్!” అని చక్రపాణి గారిని ఉద్దేశించి అరుస్తూ పోయింది. ఆవిడ వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాను. కుర్రతనంగా ఉంటుందని ఊరుకున్నాను కానీ గట్టిగా ఈల వేయాలనిపించింది.

కిటికీ మూసే వేళకు ఒక పెద్దాయన వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. పేరు మొగిలయ్య. పద్నాలుగు నెలల్లో ఎన్నిసార్లు వచ్చాడో కవరు మీద గీతలు గీసుకున్నాడు.

“మంగళారం మీరే గద సారూ, అయిపోయినయ్, శుక్రారం రమ్మంటిరి. మనుమరాలికి గురుకులంల సీటొచ్చింది. రేపు పొద్దుగాల్ల కాయితం వెట్టకుంటే ఇంకొగలకిస్తరంట.”

మనవరాలి రికార్డు తాత పేరు మీద ఉంది. తెరిచాను. పెద్దగుట్ట. పదకొండు చోట్ల పెద్దగుట్ట. ‘మొ’ దగ్గర మొదలుపెట్టమని కమిటీలో చెప్పింది నేనే. గురువారం మధ్యాహ్నానికే యంత్రం ఆయన రికార్డును శ్రద్ధగా పదకొండు సార్లు శుద్ధ ప్రతి తీసి వెనక్కి తిప్పేసింది. సునంద కోసం నేను కొనిచ్చిన ఏడు నెలలూ ఈయన నెత్తిన పడ్డాయి. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“కాలేదా సారూ?”

“అయింది. తర్వాత అవలేదు.”

ఆయన అర్థం కానట్టు చూశాడు. అర్థం కావడానికి అందులో ఏమీ లేదు.

నరహరిరావు గారి కారు డ్రైవరు మిరపకాయ బజ్జీలకు వెళ్ళాడు. ఆయన ఇంకా గదిలోనే ఉన్నారు, కీ జేబులోనే ఉంది. నేను మొగిలయ్యను లోపలికి తీసుకొచ్చి ఏసీ గదిలో స్టూలు వేసి కూర్చోబెట్టాను. తిరుగుతున్న పాత ప్రోగ్రాంను ఆపాను. నా ఆరు లైన్లు తెరిచాను.

చక్రపాణి గారు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ గుమ్మంలో ఆగారు.

“ఏం చేయుచున్నావు ఫణీంద్రా?”

“నేరం చేస్తున్నాను సార్. మంగళవారం చేసిందే.”

ఆయన ముఖం పాలిపోయింది. “మళ్ళీ కమిటీ వేయవలసి వచ్చును.”

“వేయండి సార్. నేను సభ్యుడిగా వస్తాను.”

“మళ్ళీ రద్దు చేయవలసి వచ్చును.”

“చేద్దాం సార్. సోమవారం నుంచి, పద్ధతి ప్రకారం, ఒక్కో శుద్ధ ప్రతి తీసుకుంటూ. కాకపోతే ఈసారి ‘హ’ నుంచి వెనక్కి వద్దాం. అది రద్దయ్యేలోపల ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావలసి వస్తుంది. నేను మళ్ళీ నేరం చేస్తాను. మీరు మళ్ళీ మొదలుపెట్టిద్దురు గాని.”

 చక్రపాణి గారు టిఫిన్ డబ్బా కింద పెట్టారు. వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నారు. ఎనిమిది నెలల రద్దు, మళ్ళీ ఎనిమిది నెలల సవరణ, మధ్యలో ఒక నేరం, మళ్ళీ ఎనిమిది. ఆయన రిటైరవడానికి ఆరేళ్ళుంది. ముఖంలోకి నెమ్మదిగా రక్తం వచ్చింది.

“అంటే ఎన్నటికీ తాళం పడదంటవా?” అన్నారు మామూలు తెలుగులో.

“పడే మార్గం కనబడటం లేదు సార్.”

ఆయన లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. “కానియ్ మరి. డ్రైవరొచ్చే యాళ్ళయింది.”

నొక్కాను. మొగిలయ్య స్టూలు మీద ముందుకు వంగి తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. తెర మీద అంకెలు జరజరా పరుగెత్తి ఆగిపోయాయి. రికార్డు నంబరు రాసుకుని చక్రపాణి గారే స్వయంగా సంతకానికి వెళ్ళారు. ఈ రికార్డు నేటికి సక్రమమేనా అని గోడ అవతల నరహరిరావు గారు అడగడం, సక్రమమే సార్ అని ఈయన చెప్పడం వినబడింది. తిరిగొచ్చి ప్రింటయిన కాగితం మొగిలయ్య చేతిలో పెట్టారు.

మొగిలయ్య కాగితాన్ని చూశాడు. ఆగిపోయిన తెరను చూశాడు. కవరు మీద తను గీసుకున్న గీతలను చూశాడు.

“గింతేనా సారూ?” అన్నాడు.

 చక్రపాణి గారే ఆయన భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా నడిపించారు.

“ఇంతే,” అన్నారు మెల్లగా. “బయట ఎవ్వరికీ చెప్పకు.”